ప్రెసిడెంటు గారి చుట్టల పెట్టె

మన పాత సినిమాల్లో విలన్ గారి బల్ల మీద ఒక చెక్కపెట్టె ఉంటుంది, గమనించారా? ఆయన తీరిగ్గా మూత తీసి, ఓ లావుపాటి సిగారు ఎంచుకుని, వెలిగించాకే "వాణ్ణి లేపెయ్యండ్రా" అంటాడు. ఆ పెట్టె పేరు హ్యూమిడార్. అది వట్టి డాబు కోసమే అని చాలాకాలం అనుకున్నాను. తీరా చదివితే అందులో బోలెడు సైన్సు, దానికి రెండింతలు రాజకీయం ఉన్నాయి.

ముందు సైన్సు. సిగారు అంటే మన చుట్టే, కాకపోతే కొంచెం దొరబాబు. మొత్తం ఆకే కాబట్టి చుట్టూ ఉన్న గాలిని బట్టి తేమ పీల్చుకుంటుంది, వదిలేస్తుంది. బాగా ఎండితే ఆకులోని నూనెలు పోయి, పై ఆకు పగిలిపోతుంది. తేమ మరీ ఎక్కువైతే బూజు. వేడి పెరిగితే ఆకులో దాక్కున్న పురుగు గుడ్లు పొదిగి చిల్లులు పడతాయి. అందుకని గాలిలో తేమ 65-70 శాతం, ఉష్ణోగ్రత 18-21 డిగ్రీల దగ్గర ఉండేలా చూసుకుంటారు. అలా దాచిన సిగారు ఊరికే పడి ఉండదు. లోపల ఆకు చాలా నెమ్మదిగా మారుతూ ఉంటుంది. అమోనియా ఘాటు తగ్గి, ఏళ్ళు గడిచేకొద్దీ రుచి మెత్తబడుతుంది. కొత్త బియ్యానికీ పాత బియ్యానికీ ఉన్న తేడా లాంటిదన్నమాట.

పెట్టె లోపల వేసే చెక్కని స్పానిష్ సీడార్ అంటారు. తమాషా ఏంటంటే అది స్పెయిన్‌దీ కాదు, సీడారూ కాదు. మధ్య, దక్షిణ అమెరికాల్లో పెరిగే చెట్టు. వృక్షశాస్త్రం లెక్కలో మన వేప కుటుంబం! ఆ చెక్క తేమని పట్టి ఉంచుతుంది, దాని వాసన పురుగుల్ని దూరంగా ఉంచుతుంది. ధాన్యంలో వేపాకు కలిపిన మన అమ్మమ్మలకి ఈ లాజిక్కు కొత్తేమీ కాదు.

అసలు పొగాకు పండేచోట ఈ పెట్టెతో పెద్దగా పనిలేదు. హవానా సముద్రపు గాలిలోనే కావాల్సినంత తేమ. మన గోదావరి లంకల్నే తీసుకోండి. 1890లో వచ్చిన 'ది సైన్ ఆఫ్ ఫోర్' నవలలో షెర్లాక్ హోమ్స్ పేరుపెట్టి మరీ చెప్పేంత గొప్పవి మన లంక పొగాకు చుట్టలు. కానీ లంకలో కూర్చుని చుట్ట కాల్చే తాతకి హ్యూమిడార్ ఎందుకు? పెట్టె కావాల్సింది దూరంగా ఉన్నవాడికి. ఆ ఊరి గాలిని కూడా కాస్త మూటగట్టి తీసుకుపోవాలి కదా!

అలా దూరంగా ఉన్నవాళ్ళలో ఒకాయన జాన్ ఎఫ్. కెనడీ. 1961 జనవరి 20న ఆయన ప్రమాణస్వీకారం. ఆ సందర్భంగా మిల్టన్ బెర్ల్ అనే హాస్యనటుడు ఆయనకి ఒక వాల్‌నట్ హ్యూమిడార్ బహూకరించాడు. దాని మీది పలకలో ఆ తేదీ, ఆయన ఆరోగ్యం బాగుండాలనీ పొగ బాగా ఆస్వాదించాలనీ శుభాకాంక్షలు. రెండూ ఒకే పలక మీద!

అప్పటికే, 1960 సెప్టెంబరులో, క్యాస్ట్రో ప్రభుత్వం క్యూబా సిగారు ఫ్యాక్టరీలని జాతీయం చేసింది. అమెరికాతో సంబంధాలు చెడుతూ వచ్చి, 1962 ఫిబ్రవరిలో వాణిజ్య నిషేధం దాకా వెళ్ళింది. కెనడీ ప్రెస్ సెక్రటరీ పియర్ సాలింజర్ 1992లో 'సిగార్ అఫిషియనాడో' పత్రికలో ఆ రోజుల సంగతి ఒకటి రాశాడు. ఓ సాయంత్రం ప్రెసిడెంటు పిలిచి, రేపు పొద్దున్నకల్లా నాకు వెయ్యి పెటిట్ అప్‌మన్ సిగార్లు కావాలన్నాడట. సాలింజర్ ఊళ్ళో కొట్లన్నీ తిరిగాడు. పొద్దున్నే వెళ్ళి 1,200 దొరికాయని చెప్పాడు. కెనడీ సంతోషించి, సొరుగులోంచి ఒక కాయితం తీసి సంతకం పెట్టాడు. క్యూబా సరుకు మీద నిషేధం!

ఈ కథ ఎవరు చెప్పినా నవ్వుతూ చెబుతారు. నేనూ మొదట నవ్వాను. తర్వాత టాంపా గురించి చదివాను.

ఫ్లోరిడాలోని టాంపా పందొమ్మిదో శతాబ్దం చివరినుంచీ సిగార్ల ఊరు. హవానా నుంచి ఓడల్లో ఆకు వచ్చేది, క్యూబా, స్పెయిన్, ఇటలీల నుంచి వలస వచ్చిన కార్మికులు చుట్టేవాళ్ళు. సంతకంతో ఆ ఆకు ఆగిపోయింది. గోడౌన్లలో ఉన్న నిల్వ ఎంతకాలం? అది అయిపోయాక కొన్ని ఫ్యాక్టరీలు వేరే దేశాల ఆకుకి మారాయి, కొన్ని మూతపడ్డాయి. ఎంతోమంది పని పోయింది. ఆ రాత్రి వాళ్ళ దగ్గరికి వెళ్ళి, రేపు పొద్దున్నకల్లా ఓ వెయ్యి బేళ్ళు కొనిపెట్టుకోండి అని ఎవరూ చెప్పలేదు.

1963 నవంబరు 18న కెనడీ ఆ టాంపాకే వచ్చాడు. నాలుగు రోజుల తర్వాత డాలస్‌లో హత్యకి గురయ్యాడు. ఆయన పెట్టె మాత్రం మిగిలింది. 1996లో సోదబీస్ వేలంలో 5,74,500 డాలర్లు పలికింది. కొన్నది ఎవరనుకున్నారు? సాలింజర్ కథ అచ్చేసిన పత్రిక అధిపతి మార్విన్ షాంకెన్.

కెనడీ చేసింది చట్టవిరుద్ధమేమీ కాదు. సంతకానికి ముందు కొన్నవే కదా! నిషేధం రాకముందే అమెరికా చేరిన క్యూబా సిగార్లు ఆ తర్వాత కూడా చట్టబద్ధమే. 2016లో ఒబామా ప్రభుత్వం ప్రయాణికుల మీద ఆంక్షలు సడలించింది, 2020లో ట్రంప్ ప్రభుత్వం మళ్ళీ బిగించింది. ఇన్నేళ్ళ గొడవలోనూ నిశ్చింతగా ఉన్నది 1962కి ముందు పెట్టె నింపుకున్నవాళ్ళే. ఏళ్ళు గడిచేకొద్దీ వాళ్ళ సరుకుకి రుచీ పెరిగింది, రేటూ పెరిగింది.

నిల్వ పెట్టడం ఒక కళ అంటారు. తేమ, ఉష్ణోగ్రత, చెక్క... అన్నీ నిజమే. కానీ అన్నిటికంటే ముందు కావాల్సింది, రేపేం జరగబోతోందో ఈ రాత్రే తెలియడం. అది ఏ కొట్లోనూ దొరకదు. ఆఫీసులో 'రేపు పదింటికి అందరూ మీటింగుకి రండి' అని మెయిల్ వచ్చినప్పుడల్లా, ఎవరి పెట్టె అప్పటికే నిండిపోయిందో అని నాకో అనుమానం. మీకు రాదూ?