లెస్లీ పాటర్సన్

లెస్లీ పాటర్సన్ (జననం: 1980) స్కాట్లండ్‌కు చెందిన ఆఫ్‌రోడ్ ట్రయాథ్లాన్ క్రీడాకారిణి, సినిమా రచయిత్రి, నిర్మాత, శిక్షకురాలు. ఎక్స్‌టెర్రా ప్రపంచ పోటీని మూడుసార్లు (2011, 2012, 2018), అంతర్జాతీయ ట్రయాథ్లాన్ సమాఖ్య జరిపే క్రాస్ ట్రయాథ్లాన్ ప్రపంచ పోటీని రెండుసార్లు (2012, 2018) గెలిచింది. జర్మన్ చిత్రం ‘ఆల్ క్వయట్ ఆన్ ద వెస్టర్న్ ఫ్రంట్’ (2022) రచయితల్లో ఒకరిగా బాఫ్టా పురస్కారం అందుకుంది, ఆస్కార్ నామినేషన్ పొందింది. ఆమె జీవితంలో ఆటను, సినిమాను విడివిడిగా చెప్పడం కుదరదు. సినిమా కల ఏళ్ళ తరబడి ఆట తెచ్చిపెట్టిన డబ్బు మీదే నిలబడింది.

ఆట తీరు

మామూలు ట్రయాథ్లాన్‌లో ఈత, సైకిలు, పరుగు వరసగా ఉంటాయి. సైకిలు, పరుగు తారురోడ్డు మీద సాగుతాయి. ఆఫ్‌రోడ్ ట్రయాథ్లాన్‌లో ఈత తర్వాత మౌంటెన్ బైక్ ఎక్కి కొండదారుల్లో వెళ్ళాలి, ఆ తర్వాత అలాంటి దారుల్లోనే పరుగెత్తాలి. ఈ పోటీల్లో పేరున్నది ఎక్స్‌టెర్రా. 1996లో హవాయి దీవుల్లోని మావీలో మొదలైంది. దూరాలు రేసును బట్టి మారినా, సుమారు ఒకటిన్నర కిలోమీటర్ల ఈత, 30 కిలోమీటర్ల సైకిలు, 10 కిలోమీటర్ల పరుగు అనుకోవచ్చు. ప్రపంచ పోటీ ఏటా మావీలోనే జరిగేది. 2022లో ఇటలీలోని మొల్వేనోకు తరలింది.

రోడ్డు పోటీకీ దీనికీ ఉన్న అసలు తేడా నేలలో కంటే గాలిలో ఉంది. ఒలింపిక్ పద్ధతి పోటీలో సైకిలువాళ్ళు ఒకరి వెనక ఒకరు గాలి చాటున వెళ్తారు. ఈతలో ముందు గుంపుతో పాటు నీళ్ళలోంచి బయటపడనివాళ్ళు ఆ చాటును కోల్పోతారు, ఇక ఎంత తొక్కినా అందుకోవడం కష్టం. కొండదారిలో వేగం తక్కువ, మలుపులు ఎక్కువ కాబట్టి గాలి చాటు పెద్దగా అక్కరకు రాదు. ఎవరి సత్తువ వాళ్ళదే. ఈత బలహీనంగా ఉన్నవాళ్ళు కూడా ఎత్తుల్లో ఒక్కొక్కరినే దాటుకుంటూ రావచ్చు. పాటర్సన్ విజయాల గుట్టు చాలావరకు ఇక్కడే ఉంది. ఆట ఒలింపిక్స్‌లో లేకపోవడం ఈ నాణేనికి రెండోవైపు. ప్రభుత్వ నిధులు అరుదు, స్పాన్సర్లు తక్కువ. రేసు గెలిస్తేనే చేతిలో డబ్బు ఆడుతుంది.

స్టర్లింగ్‌లో బాల్యం

పాటర్సన్ స్టర్లింగ్ పట్టణంలో పెరిగింది. చిన్నప్పుడు ఆమె ఆడింది రగ్బీ. ఊరి క్లబ్బులో మగపిల్లల గుంపు మధ్య ఆడపిల్ల తనొక్కతే. పన్నెండేళ్ళ వయసు వచ్చేసరికి ఆడపిల్లలు మగపిల్లలతో కలిసి ఆడకూడదన్న నిబంధన అడ్డొచ్చి ఆట మానుకోవాల్సి వచ్చింది. తండ్రి ప్రోత్సాహంతో కొండల్లో పరుగు, ఆపై ట్రయాథ్లాన్ వైపు మళ్ళింది. యువ విభాగంలో బ్రిటన్ తరఫున పోటీపడింది. పెద్దల విభాగానికి చేరేసరికి ఈతే గుదిబండ అయింది. పైమెట్టు ఎక్కలేక, విసిగి ఆట వదిలేసింది.

లఫ్‌బరో విశ్వవిద్యాలయంలో నాటకం చదివింది. తర్వాత భర్త సైమన్ మార్షల్‌తో కలిసి అమెరికాలోని శాన్‌డియేగో చేరి, అక్కడి స్టేట్ యూనివర్సిటీలో రంగస్థల కళల్లో మాస్టర్స్ చేసింది. మార్షల్ క్రీడా మనస్తత్వ శాస్త్రవేత్త. నటిగా అవకాశాల కోసం తిరుగుతున్న ఆ రోజుల్లోనే కాలిఫోర్నియా కొండదారులు ఆమెను మళ్ళీ సైకిలు ఎక్కించాయి. అలా తిరిగొచ్చిన ఆట ఈసారి తారురోడ్డు ఆట కాదు.

ప్రపంచ పోటీలు

2011లో మావీలోని కపలువాలో తొలి ఎక్స్‌టెర్రా ప్రపంచ టైటిల్ గెలిచింది. మరుసటి ఏడాది దాన్ని నిలబెట్టుకోవడమే కాక, అలబామాలోని పెల్హమ్‌లో జరిగిన క్రాస్ ట్రయాథ్లాన్ ప్రపంచ పోటీనీ గెలిచింది. కపలువా రేసు ఆమెకు సరిగ్గా సరిపోయిందనాలి. ఈత సముద్రపు అలల్లో మొదలై, అక్కడి నుంచి సైకిలు దారి పశ్చిమ మావీ కొండల మీదికి ఎక్కుతూ దిగుతూ పోతుంది. ఎత్తు ఎక్కగల తేలికపాటి ఒళ్ళున్నవాళ్ళకు నీళ్ళలో పోయిన నిమిషాలు అక్కడ తిరిగి దొరుకుతాయి.

ఆ తర్వాతి ఏళ్ళు గడ్డుగా గడిచాయి. పిడుదుల కాటు వల్ల సోకే లైమ్ వ్యాధి ఆమెను చాలాకాలం వెంటాడింది. తగ్గినట్టే ఉండి తిరగబెట్టే ఈ జబ్బులో నీరసం, కీళ్ళనొప్పులు సాధారణం. దమ్ము మీద ఆధారపడే క్రీడాకారులకు ఇంతకంటే పెద్ద శత్రువు ఉండదు. ఈలోగా బెర్ముడాకు చెందిన ఫ్లోరా డఫీ 2014 నుంచి వరసగా నాలుగేళ్ళు ఎక్స్‌టెర్రా ప్రపంచ విజేతగా నిలిచింది. పాటర్సన్ మూడో టైటిల్ 2018లో, అంటే రెండోదానికి ఆరేళ్ళ తర్వాత వచ్చింది. అప్పటికి ఆమె వయసు ముప్పై ఏడు దాటింది. అదే ఏడాది డెన్మార్క్‌లో క్రాస్ ట్రయాథ్లాన్ టైటిల్ కూడా దక్కింది.

నవల హక్కులు

ఎరిక్ మరియా రెమార్క్ 1929లో వెలువరించిన మొదటి ప్రపంచయుద్ధ నవల ‘ఆల్ క్వయట్ ఆన్ ద వెస్టర్న్ ఫ్రంట్’ను హాలీవుడ్ మరుసటి ఏడాదే తెరకెక్కించింది. ఆ చిత్రానికి ఉత్తమ చిత్రంగా ఆస్కార్ వచ్చింది. దాన్ని కొత్తగా తీయాలని పాటర్సన్, ఆమె రచనా భాగస్వామి ఇయన్ స్టోకెల్ 2006లో ఆప్షన్ తీసుకున్నారు. ఆప్షన్ అంటే హక్కులు కొనేయడం కాదు. ఫలానా గడువులోగా కొనే అవకాశం ఇంకొకరికి పోకుండా అట్టేపెట్టుకోవడానికి కట్టే సొమ్ము. గడువు ముగిసినప్పుడల్లా మళ్ళీ కట్టాలి. ఒక్కసారి తప్పితే అంతకుముందు పోసిందంతా గోవిందా. ఏటా 10 నుంచి 15 వేల డాలర్ల చొప్పున పదహారేళ్ళలో ఇది సుమారు 2 లక్షల డాలర్లకు చేరింది. దర్శకులు వచ్చారు, పోయారు, ఒప్పందాలు కుదిరినట్టే కుదిరి చెడిపోయాయి. సినిమా పరిశ్రమలో ఇది కొత్త కథేమీ కాదు. వాయిదాలకు డబ్బు రేసుల్లో సంపాదించడమే కొత్త.

2015లో ఒక వాయిదా దగ్గరపడేసరికి చేతిలో సొమ్ము లేదు. కోస్టారికాలో ఒక ఎక్స్‌టెర్రా రేసు ఉంది, గెలిస్తే బహుమతి డబ్బు వస్తుంది. రేసుకు ముందురోజు దారి చూసుకుంటూ తొక్కుతుండగా ఆమె సైకిలు మీంచి పడి భుజం విరిగింది. ఒంటిచేత్తో ఈదే సాధన నీకు అలవాటే కదా అని భర్త గుర్తుచేశాడని ఆమె తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పుకుంది. అలాగే ఒక్క చేత్తో ఈది, ముందున్నవాళ్ళకు నిమిషాల కొద్దీ వెనకబడి ఒడ్డెక్కింది. మౌంటెన్ బైక్ మీద భుజానికి విశ్రాంతి ఉండదు. ప్రతి రాయి, ప్రతి వేరు అదిరింపు హ్యాండిల్ గుండా నేరుగా అక్కడికే చేరుతుంది. ఆ స్థితిలో ఒక్కొక్కరినే దాటుకుంటూ వచ్చి రేసు గెలిచింది. వాయిదా కట్టింది. దీన్ని స్ఫూర్తి కథగా చెప్పుకునేవాళ్ళు ఎక్కువ. ఒక ప్రపంచ విజేత వాయిదా డబ్బు కోసం విరిగిన భుజంతో దిగాల్సి రావడం ఆ ఆట ఆర్థిక స్థితి గురించి కూడా చాలా చెబుతుంది.

చిత్రం

చివరకు దర్శకుడు ఎడ్వర్డ్ బెర్గర్ చేతికి వచ్చాక, ఇంగ్లిష్‌లో రాసిన స్క్రిప్టు జర్మన్ భాషలోకి మారింది. జర్మన్ సైనికుడి కథను జర్మన్‌లోనే తీయడం సినిమాకు బాగా కలిసొచ్చింది. చిత్రం 2022 అక్టోబరులో నెట్‌ఫ్లిక్స్‌లో విడుదలైంది. నవలలో లేని యుద్ధవిరమణ చర్చలను ఇందులో చేర్చారు, కథానాయకుడి మరణాన్నీ మార్చారు. నవలలో అతడు 1918 అక్టోబరులో, చెప్పుకోదగ్గదేమీ జరగని ఒక రోజున చనిపోతాడు. చిత్రంలో యుద్ధం ఆగే చివరి క్షణాల్లో చనిపోతాడు. ఈ స్వేచ్ఛను జర్మనీలో పలువురు విమర్శకులు తప్పుపట్టారు. ఆ అభ్యంతరంలో న్యాయం లేకపోలేదు, ఎందుకంటే ఏమీ జరగని రోజున చావడమే నవలకు ప్రాణం.

2023 ఫిబ్రవరిలో చిత్రానికి ఏడు బాఫ్టాలు వచ్చాయి. వాటిలో బెర్గర్, స్టోకెల్‌లతో పాటర్సన్ పంచుకున్న ఉత్తమ అనుసరణ స్క్రీన్‌ప్లే పురస్కారం ఒకటి. మార్చి 12న లాస్ ఏంజెలిస్‌లో జరిగిన ఆస్కార్ వేడుకలో, తెలుగువారికి ‘నాటు నాటు’ రాత్రిగా గుర్తున్న అదే వేడుకలో, ఈ చిత్రం అంతర్జాతీయ చిత్రం సహా నాలుగు ఆస్కార్లు గెలిచింది. స్క్రీన్‌ప్లే ఆస్కార్ మాత్రం ‘విమెన్ టాకింగ్’కు వెళ్ళింది.

శిక్షణ, రచన

భర్తతో కలిసి పాటర్సన్ శిక్షణ సంస్థ నడిపింది. ఇద్దరూ కలిసి 2017లో ‘ద బ్రేవ్ అథ్లెట్’ అనే పుస్తకం వెలువరించారు. రేసు ముందు భయం, గాయం తర్వాత నిరాశ, పోలికల వల్ల కలిగే దిగులు అందులోని విషయాలు. పోటీకి ముందు వేరొక వ్యక్తిత్వాన్ని తొడుక్కోవడం వాళ్ళు సూచించే ఉపాయాల్లో ఒకటి. పాటర్సన్ తన కోసం పాడీ మెక్‌గింటీ అనే ఐరిష్ ముష్టియోధుణ్ణి సృష్టించుకుంది. రేసు ఆరంభ రేఖ దగ్గర నటి నేర్చుకున్న విద్యను క్రీడాకారిణి వాడుకుందన్నమాట.