చేతిలో పట్టే మేడారం బస్సు: రంగు కొనే ముందు ఏ జాతరో తేల్చుకోండి

హాట్ వీల్స్ కారు కొని, దాని రంగు గీకేసి, చక్రాలు మార్చి, అచ్చం ఇంట్లో ఉన్న కారులా తయారు చేసే వీడియోలు మీ ఫోన్లో రోజూ వస్తూనే ఉంటాయి. నాన్న నడిపిన అంబాసిడర్, మామయ్య అమ్మేసిన మారుతి 800. చూడ్డానికి భలే ఉంటాయి. ఇవాళ మనం అదే పద్ధతిలో ఒక బస్సు చేద్దాం. మేడారం జాతరకు పోయిన ఆర్టీసీ బస్సు.

పెయింటింగ్ క్లాస్ అనుకోకండి, ఇది మన హిస్టరీ ఎపిసోడే. అసలు బండిని చూసి నమూనా చేసేవాళ్లకి ఒక రూల్ ఉంటుంది. "ఒక బస్సు" అని ఎప్పుడూ చేయరు. ఫలానా సంవత్సరంలో ఫలానా బస్సు ఎలా ఉందో అలాగే చేస్తారు. కాబట్టి మన మొదటి ప్రశ్న: ఏ జాతరకు పోయిన బస్సు?

దానికంటే ముందు, ఈ బొమ్మ బండ్ల కథ రెండు నిమిషాల్లో చెప్పేస్తా. శూద్రకుడి మృచ్ఛకటికం నాటకం పేరుకు అర్థమే మట్టిబండి. అందులో చారుదత్తుడి కొడుకు మట్టిబండి వద్దు, బంగారు బండే కావాలని ఏడుస్తాడు. పక్కింటి పిల్లాడి బొమ్మ చూసి ఏడవడం ఎంత పాత అలవాటో చూడండి! మన కొండపల్లిలో తెల్ల పొణికి చెక్కతో చేసే బొమ్మల్లో ఎడ్లబండి కూడా ఉంటుంది. అంటే జనం ఎక్కి తిరిగే బండిని చిన్నగా చేసి ఇంట్లో పెట్టుకోవడం మనకు కొత్తేం కాదు.

కొలత ప్రకారం చేసే లోహపు బొమ్మలు మాత్రం ఇంగ్లాండ్‌లో రైలు బొమ్మల పక్కన పెరిగాయి. లివర్‌పూల్‌లో ఫ్రాంక్ హార్న్‌బీ కంపెనీ బొమ్మ రైళ్లు చేసేది. ఆ రైళ్ల పక్కన పెట్టుకోడానికి చిన్న కార్లు మొదలుపెట్టింది. 1934లో వాటికి డింకీ టాయ్స్ అని పేరొచ్చింది. రైలు బొమ్మల్లో ఒక అడుగుకి 7 మిల్లీమీటర్లు లెక్క. ఒక అడుగు అంటే దాదాపు 305 మిల్లీమీటర్లు. దాన్ని 7తో భాగిస్తే 43 చిల్లర వస్తుంది. ఇవాళ్టికీ డబ్బాల మీద కనిపించే 1:43 అనే అంకె అక్కడిదే. తర్వాత 1953లో మ్యాచ్‌బాక్స్, 1968లో హాట్ వీల్స్ వచ్చాయి.

సరే, మేడారం పోదాం. రెండేళ్లకోసారి మాఘమాసంలో జాతర. బుధవారం కన్నెపల్లి నుంచి సారలమ్మ, గురువారం చిలకలగుట్ట నుంచి సమ్మక్క గద్దెకు వస్తారు. శుక్రవారం మొక్కులు, శనివారం వనప్రవేశం. ఒకప్పుడు జనం ఎడ్లబండ్లు, కచ్చురాలు కట్టుకొని, బియ్యం, గిన్నెలు, బెల్లం వేసుకొని, దారిలో వండుకుంటూ అడవి దాటి పోయేవాళ్లు. మీ ఇంట్లో నానమ్మో అమ్మమ్మో ఉంటే అడగండి, ఎన్ని రాత్రులు పట్టేదో చెప్తారు. ఆ తర్వాత ఎర్రబస్సు వచ్చింది. "ఎర్రబస్సెక్కి వచ్చినవా" అని పల్లెటూరోళ్లని వెక్కిరించే మాట మీరూ వినే ఉంటారు. నిజానికి ఆ ఎర్రబస్సే లేకపోతే ఎన్నో ఊర్లకు ఆస్పత్రి లేదు, కాలేజీ లేదు, జాతరా లేదు.

ఆ బస్సు పుట్టింది 1932లో. నిజాం స్టేట్ రైల్వే కింద రోడ్డు రవాణా విభాగం 27 బస్సులు, 166 మంది సిబ్బందితో మొదలైంది. ఆర్టీసీ బస్సు నంబర్‌లో జెడ్ అక్షరం గమనించారా? ఏడో నిజాం తన తల్లి జహ్రా బేగం పేరు మీద పెట్టించాడని చెప్పుకుంటారు. 1958 జనవరి 11న ఏపీఎస్‌ఆర్టీసీ ఏర్పడింది. 2015లో తెలంగాణ బస్సుల నిర్వహణ వేరైంది, అట్లా టీఎస్‌ఆర్టీసీ వచ్చింది. 2024లో అది టీజీఎస్‌ఆర్టీసీ అయింది. ఒకే డిపో, అదే దారి. బస్సు ఒంటి మీద పేరు మాత్రం మారుతూ వచ్చింది.

ఇప్పుడు మన బొమ్మకి వద్దాం. రెండు జాతరలు తీసుకుందాం.

మొదటిది 2014. ఆ ఏడాది జాతర ఫిబ్రవరి 12 నుంచి 15 వరకు. 13వ తేదీ గురువారం, సమ్మక్క గద్దెకు వచ్చే రోజు. సరిగ్గా అదే రోజు ఢిల్లీలో, లోక్‌సభలో తెలంగాణ బిల్లు పెట్టారు. పెప్పర్ స్ప్రే గొడవ గుర్తుందా, ఆ రోజే. రాష్ట్రం వచ్చింది జూన్ 2న. అంటే ఉమ్మడి రాష్ట్రంలో జరిగిన చివరి మేడారం జాతర అది. ఆ బస్సు చేస్తే దాని మీద ఏపీఎస్‌ఆర్టీసీ అని రాయాలి. తెలంగాణ మీద ఎంత ప్రేమున్నా సరే, ఆ రోజు ఆ బస్సు మీద ఉన్నది అదే.

రెండోది 2024. ఫిబ్రవరి 21 నుంచి 24 వరకు. ఆర్టీసీ 6,000 ప్రత్యేక బస్సులు పెట్టింది. 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం మొదలైంది కాబట్టి, ఆడవాళ్లు ఉచితంగా ఎక్కిన మొదటి మేడారం జాతర ఇదే. బస్సులో కండక్టర్ బొమ్మ పెడితే చేతిలో జీరో టికెట్ ఉండాల్సిందే. ఇక కిటికీలోంచి కోడి తొంగి చూస్తున్నట్టు పెడదాం అనుకుంటున్నారా? ఆ జాతరకి కోళ్లు, మేకలను బస్సుల్లోకి ఎక్కించుకోమని ఆర్టీసీ ముందే చెప్పింది. పెట్టాలో వద్దో మీ ఇష్టం.

ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. ఇప్పుడు రోడ్డు మీద కనిపిస్తోంది కదా అని 2024 జాతర బస్సుకి టీజీ నంబర్ వేస్తారు. టీజీ నంబర్లు మొదలైంది ఆ ఏడాది మార్చిలో. సంస్థ పేరు టీజీఎస్‌ఆర్టీసీగా మారింది మే నెలలో. జాతర ఫిబ్రవరిలోనే అయిపోయింది. ఇంకో తమాషా ఉంది. రాష్ట్రం రాకముందు రిజిస్టర్ అయిన బస్సులు పాత నంబర్లతోనే తిరిగాయి. ఒంటి మీద టీఎస్‌ఆర్టీసీ, నంబర్ ప్లేట్ మీద ఏపీ! ఈ రెండూ ఒకే బస్సు మీద చూపిస్తే చాలు. రాష్ట్రం విడిపోవడం కాగితాల మీద ఒక్క రోజులో ఎలా అయింది, రోడ్డు మీద ఏళ్లు ఎలా పట్టింది అనేది మీ అరచేతిలో కనిపిస్తుంది.

ఇక తయారీ. అసలు బస్సు 11 మీటర్ల పొడవు, రెండున్నర మీటర్ల వెడల్పు అనుకుందాం. 1:64 కొలతలో 17 సెంటీమీటర్ల పొడవు, 4 సెంటీమీటర్ల వెడల్పు వస్తుంది. 1:43లో దాదాపు 26, 6 సెంటీమీటర్లు. మీటరు ఎత్తు చక్రం 1:64లో 16 మిల్లీమీటర్లు. షాపులో దొరికే బొమ్మ బస్సు తీసుకుంటే ముందు స్కేలుతో ఈ మూడూ కొలవండి. చక్రం తేడా వస్తే బాడీ ఎంత బాగున్నా బొమ్మ బొమ్మలాగే కనిపిస్తుంది. సరైన బస్సు దొరక్కపోతే సన్నటి ఫోమ్ షీట్ కోసి బాడీ కట్టుకోవచ్చు. మన పిల్లలు చాలామంది అలాగే చేస్తున్నారు.

లోహపు బొమ్మ అయితే అడుగున ఉన్న రివెట్లను డ్రిల్‌తో తీసి విడదీయాలి. పాత రంగు తీసే మందు చాలా ఘాటు. గ్లవ్స్ వేసుకొని, బయట గాలిలో చేయండి. తర్వాత ప్రైమర్, దాని మీద రంగు పలచగా రెండు మూడు పూతలు. అక్షరాలు చేత్తో రాయకుండా డెకాల్ పేపర్ మీద ప్రింట్ తీసి, నీళ్లలో నానబెట్టి అతికించాలి. కిటికీలకు అడ్డంగా కమ్మీలు, ముందు అద్దం మీద బోర్డు మరిచిపోవద్దు. ఆఖరున దుమ్ము. జాతర బస్సు మెరిస్తే అబద్ధం. చాక్‌పీసు పొడిని రంగు కలిపి, బ్రష్‌తో చక్రాల మీద, కింది భాగం మీద అద్దండి.

ఇంత కష్టం ఎందుకు అంటారా? 1932 నాటి ఆల్బియన్ బస్సును ఆర్టీసీ బస్ భవన్‌లో దాచింది, మంచిదే. మరి అమ్మని, నానమ్మని, బెల్లం బుట్టలని మేడారం చేర్చిన మామూలు బస్సు సంగతేంటి? 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ బండ్లకు 2023 ఏప్రిల్ 1 నుంచి రిజిస్ట్రేషన్ రద్దు. ఆర్టీసీ బస్సులకూ ఇదే రూల్. ఇంకొన్నేళ్లు ఆగితే 2014లో జాతరకు పోయిన బస్సు ఒక్కటి కూడా రోడ్డు మీద ఉండదు, అన్నీ తుక్కులోకి పోతాయి. గద్దెల దగ్గర సెల్ఫీలు లక్షల్లో ఉంటాయి. మనల్ని అక్కడికి తీసుకెళ్లిన బస్సుకి ఫొటో తీసినవాళ్లు మీలో ఎంతమంది?

అందుకే ఈసారి జాతరకి పోయినప్పుడు బస్సుకి నాలుగు వైపులా నాలుగు ఫొటోలు తీయండి. నంబర్ ప్లేట్, డిపో పేరు, ముందు బోర్డు కనిపించాలి. తేదీ రాసి పెట్టుకోండి. బొమ్మ చేయడం రాకపోయినా పర్లేదు, ఆ ఫొటోలు చూసి రేపు ఇంకొకరు చేస్తారు.

మీ ఇంట్లో పాత జాతర ఫొటో ఏదైనా ఉండి, వెనకాల బస్సు ముక్క కనిపిస్తుంటే, అది ఏ సంవత్సరం జాతరో కామెంట్‌లో చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.