నూటికి రూపాయి

(రేడియో ప్రసంగము)
వాక్యభాగము: నెహెమ్యా 5:1-13



సింగరాయకొండకు తూర్పున, సముద్రమునకు ఇవతల, బకింగ్‌హామ్ కాలువ ఉన్నది. ఒకప్పుడు దానిలో పడవలు నడిచేవి. ఉప్పు, కట్టెలు, ధాన్యము మద్రాసుకు పోయేవి. ఇప్పుడు చాలా చోట్ల పూడిపోయి తుమ్మ చెట్లు మొలిచినవి. మన సంఘములలో అనేకుల తాతముత్తాతలు ఆ మట్టి మోసినవారే. ఈ రోజు ఆ కాలువ సంగతి ఎత్తడానికి కారణము మన ఇండ్లలో ఉన్న అప్పులు. అప్పు గురించి మాట్లాడితే చాలామంది విశ్వాసులు తల వంచుకుంటారు. అప్పు ఉన్నట్టు ప్రార్థన మనవిలో కూడా చెప్పరు, "కుటుంబ సమస్య" అని రాయిస్తారు. అందుకే మన పెద్దల కాలము నుండి మొదలుపెడుతున్నాను.

1866లో జాన్ క్లౌ దొరగారు ఒంగోలు వచ్చే నాటికి మన పల్లెలలో మాదిగ కుటుంబముల జీవనము ఎలా ఉండేది? రైతుకు చెప్పులు కుట్టాలి, బావికి కపిల తోలు బాన తయారు చేయాలి, చిరిగితే బాగుచేయాలి. దానికి కోతల కాలములో కళ్ళములో ఇన్ని గింజలు అని కొలిచేవారు. ఆ గింజలు అయిపోయిన నెలలలో ఏమి తినాలి? ఆ రైతు దగ్గరే, లేకపోతే కోమటి దగ్గర, నాము తెచ్చుకోవాలి. నాము అంటే గింజలు అప్పు తెచ్చి పంట మీద ఎక్కువ కలిపి కొలవడము. పెండ్లికి, చావుకు రూకలు తీసుకుంటే కొడుకును పాలేరుగా పెట్టాలి. తండ్రి చనిపోతే కొడుకు ఆ జీతములోనే ఉండాలి. "ఆ రోజులలో అందరూ ఒకరికొకరు ఆసరాగా ఉండేవారు" అని మనవారు కొందరు చెబుతారు. ఆసరా ఉన్నమాట నిజమే. కాని ఆ ఆసరాకు తాడు కూడా ఉన్నది, ఆ తాడు ఒక కొస ఎప్పుడూ ఒకరి చేతిలోనే ఉన్నది. వెట్టిచాకిరీని రద్దుచేస్తూ దేశములో చట్టము వచ్చినది 1976లో. అంటే క్లౌ దొర వచ్చిన 110 సంవత్సరములకు.

1876లో వర్షములు పోయినవి. మద్రాసు రాజధాని అంతటా కరువు. 1878 వరకు లక్షలాది మంది ఆకలితో, కలరాతో చనిపోయారు. కరువులో ఒక సంగతి బయటపడినది. తరతరములుగా చాకిరి చేయించుకున్నవారు ఆ ఏడు గింజలు కొలవలేదు. కొందరికి నిజముగా లేవు, కొందరు ధర పెరుగుతుందని పాతర మూసుకున్నారు. అప్పు ఇచ్చేవాడు కూడా లేడు. ప్రభుత్వము సహాయపు పనులు పెట్టినది గాని, 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ అనే అధికారి మనిషికి రోజుకు ఒక పౌను ధాన్యము, పైన కొద్ది డబ్బు చాలునని కూలి తగ్గించాడు. పౌను అంటే అరకిలోకు కూడా తక్కువ. రోజంతా మట్టి మోసేవానికి అది!

ఆ పనులలో ఒకటి ఈ కాలువ. క్లౌ దొరగారు యౌవనములో అమెరికాలో భూమి సర్వే పని చేసినవారు. గొలుసు పట్టి కొలవడము తెలుసు. ఆయన మూడున్నర మైళ్ళ కాలువ తవ్వకము కంట్రాక్టు తీసుకున్నారు. క్రైస్తవులు, కరువు బాధితులు మరి ఎక్కడో మేస్త్రీల చేతులలో పడకుండా పని దొరకాలని ఆయన ఉద్దేశము. బోధకులనే పని చూచువారిగా పెట్టారు. కూలీలు కాస్త కూర్చున్నప్పుడు ఆ బోధకులే ప్రయాసపడి భారము మోయువారిని ప్రభువు పిలుచుచున్న మత్తయి 11వ అధ్యాయపు మాట చెప్పేవారు. తట్ట దించి కూర్చున్నవానికి ఆ మాట ఎలా వినబడి ఉంటుందో ఆలోచించండి.

నేను ఎక్కువగా ధ్యానించిన సంగతి మాత్రము అది కాదు. కరువు సహాయము సాగుతున్నంత కాలము, సుమారు 15 నెలలు, క్లౌ దొరగారు బాప్తిస్మములు ఇవ్వలేదు. వందలమంది వచ్చి అడిగారు. ఆయన ఆగమన్నారు. ఎందుకు? అన్నము తిన్నవాడు అన్నము పెట్టినవానికి అప్పుపడి ఉంటాడు. అతనిని "నా దేవుణ్ణి నమ్ముతావా" అని అడిగితే కాదని చెప్పగలడా? అది అప్పు వసూలు చేసినట్టే ఉంటుంది. పాతర యజమాని చాకిరీ అడిగాడు. మిషను ఆత్మను అడిగితే తేడా ఏమిటి? అందుకే సహాయపు డబ్బు ఆగిపోయే వరకు ఆగారు.

1878 జూన్‌లో సహాయము ముగిసినది. ఇక బియ్యము లేదు, పని లేదు. అయినా జనులు వచ్చారు. జూలై 2న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది బాప్తిస్మము పొందారు. ఆరుగురు బోధకులు, ఒక్కో సమయమున ఇద్దరి చొప్పున, నీళ్ళలో నిలిచారు. డిసెంబరు చివరకు లెక్క 9,606. ఈ 2,222 అనే సంఖ్య మన ఆదివార బడి పిల్లలకు కూడా తెలుసు. దాని వెనుక ఉన్న 15 నెలల "ఆగండి" మాత్రము చాలామందికి తెలియదు. "కూటికోసము కలిశారు" అని ఆ రోజుల నుండి నేటివరకు ఎత్తిపొడిచేవారు ఉన్నారు. కరువుకు ఇందులో భాగమే లేదని నేను అనను. తమను ఎవరు వదిలారో, ఎవరు వదలలేదో జనులు కండ్లారా చూశారు. కాని కూడు ఆగిన తరువాత వచ్చిన మనిషి కూటికోసము వచ్చాడంటే ఒప్పుకోవడము కష్టము.

మరి వారి అప్పులు తీరినవా? కొందరికి కూలి డబ్బు చేతిలో పడినది, బడి వచ్చినది, పిల్లలు చదివి ఉపాధ్యాయులైనారు, జీతము వచ్చినది. చాలామందికి తీరలేదు. కరువు పోగానే పాత నోట్లు బయటకు వచ్చినవి. 1938లో మద్రాసు ప్రభుత్వము వ్యవసాయదారుల ఋణవిమోచన చట్టము చేసినది. అప్పుడు ముఖ్యమంత్రి స్థానములో రాజాజీ, రెవెన్యూ మంత్రి మన టంగుటూరి ప్రకాశము పంతులుగారు. 1932 అక్టోబరుకు ముందు చేసిన అప్పులలో, అసలుకు రెట్టింపు అప్పటికే చెల్లించి ఉంటే అప్పు పూర్తిగా తీరినట్టే అని ఆ చట్టము చెప్పినది. అయితే అది భూమి ఉన్న వ్యవసాయదారునికి పనికి వచ్చినంతగా, భూమి లేనివానికి పనికి రాలేదు.

ఇప్పుడు నెహెమ్యా 5వ అధ్యాయము తెరవండి. అక్కడ కూడా కరువే. పొలములు, ద్రాక్షతోటలు, ఇండ్లు తాకట్టు పెట్టి ధాన్యము తెచ్చుకున్నారు. రాజు పన్ను కట్టడానికి అప్పు చేశారు. కుమారులను, కుమార్తెలను దాసత్వమునకు ఇచ్చారు. ఇచ్చినవారు అన్యులు కారు, తమ సహోదరులే. నెహెమ్యాకు కోపము వచ్చినది. కాని వెంటనే కేకలు వేయలేదు, తనలో తాను ఆలోచించుకున్నాడు. పదవ వచనములో ఆయన ఏమి ఒప్పుకున్నాడో గమనించండి. తాను, తన బంధువులు, తన దాసులు కూడా అప్పులు ఇచ్చినవారే. 11వ వచనములో తిరిగి ఇవ్వమన్నది పొలములు, ఇండ్లు మాత్రమే కాదు, నూరవ భాగము కూడా. అది నెలకు నూటికి ఒకటి అని అనేక వ్యాఖ్యానకర్తలు చెబుతారు. మన భాషలో రూపాయి వడ్డీ!

దేవుని బిడ్డలారా, నెహెమ్యాకు కోపము తెప్పించినది రూపాయి వడ్డీ. మన ప్రాంతములో చేబదులుకు రెండు రూపాయలు, మూడు రూపాయలు, అవసరము ముదిరితే ఐదు, పది. ఇచ్చేవారిలో మన సంఘపు పెద్దలు లేరా? ఆదివారము ఒకే చాపమీద కూర్చొని ఒకే రొట్టె విరిచేవారిలో ఒకరి బీరువాలో మరొకరి నోటు లేదా? ఈ మాట కొందరికి కష్టముగా ఉంటుందని తెలుసు. నెహెమ్యా మొదట తన పేరు చెప్పాడు గనుక పెద్దలు ఎదురు చెప్పలేకపోయారు.

నోటు లెక్క ఒకసారి వేసి చూద్దాము. 50,000 మూడు రూపాయల వడ్డీకి తెచ్చారు. నెలకు 1,500. ఏమీ కట్టలేకపోతే మూడేండ్లకు వడ్డీ 54,000. మూడేండ్లు దాటితే నోటుకు కోర్టులో కాలదోషము పడుతుంది గనుక ఇచ్చినవాడు వచ్చి నోటు తిరగరాయిస్తాడు. కొత్త నోటు అసలు 1,04,000. ఇంకొక మూడేండ్లకు మరలా తిరగరాస్తే 2,16,320. తెచ్చినది మాత్రము 50,000. పత్తికి, మిరపకు పెట్టుబడి తెచ్చినవారి ఇండ్లలో ఇదే జరిగినది. 1987 ప్రాంతములో తెల్లదోమ వచ్చి గుంటూరు, ప్రకాశము జిల్లాలలో పత్తి పోయినప్పుడు పురుగుమందుల కొట్టు బాకీ, నోటు బాకీ కలిసి రైతులు ఆ మందే తాగి చనిపోయారు. వారిని తీర్పు తీర్చవద్దు. అటువంటి తలంపు ఉన్న ఇల్లు ఏదైనా ఇప్పుడు వింటుంటే, ఈ రాత్రే ఒకరికి చెప్పండి. కాపరికైనా, పొరుగువారికైనా. నోటు కాగితమే. మీరు కాగితము కాదు.

పొరుగు జిల్లా నెల్లూరులో 1992లో దూబగుంట స్త్రీలు సారా దుకాణము మూయించారు. ఆ తరువాత ఆ జిల్లాలోనే రోజుకు రూపాయి చొప్పున పొదుపు సంఘములు లేచినవి. సారాకు పోయే రూపాయి పెట్టెలోకి వచ్చినది. మన తల్లులకు ఇది కొత్త కాదు. దోర్నకల్ అజరయ్య బిషపుగారి కాలము నుండి వంట వండేముందు పిడికెడు బియ్యము దేవునికి తీసిపెట్టినవారు వారు. అయితే గుంపు ఉన్నంత మాత్రాన విడుదల రాదు. వారము వారము వాయిదాలు వసూలు చేసే సూక్ష్మ ఋణ కంపెనీలు ఆ స్త్రీల గుంపునే హామీగా వాడుకున్నవి. ఒకరు కట్టకపోతే మిగిలినవారు ఆమె గుమ్మములో కూర్చోవలసి వచ్చినది. 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వము ఆర్డినెన్సు తెచ్చి, వాయిదా నెలకొకసారి అని, వడ్డీ మొత్తము అసలును మించకూడదని ఆజ్ఞాపించినది. 1938 నాటి రెట్టింపు మాటే తిరిగి వచ్చినది.

ఇంట్లో చేయవలసినది ఒకటి రెండు మాటలలో చెబుతాను. భార్యాభర్తలు కలిసి అన్ని నోట్లు, చీటీలు, బంగారపు తాకట్లు, కొట్టు బాకీలు ఒకే కాగితము మీద రాయండి. ఒకరికి తెలియని అప్పు మరొకరి దగ్గర ఉండకూడదు. వడ్డీ ఎక్కువ ఉన్నది ముందు తీర్చండి, చిన్నదైనా సరే. కట్టిన ప్రతిసారి నోటు వెనుక చెల్లు వేయించుకోండి, "మనవాడే గదా" అని ఊరుకోవద్దు. మరొకరి నోటుకు హామీ సంతకము పెట్టి ఉంటే సామెతలు 6వ అధ్యాయము చదివి, మొహమాటము పక్కనపెట్టి ఈ వారమే ఆ మనిషి దగ్గరకు వెళ్ళండి.

రాజులు రెండవ గ్రంథము 4వ అధ్యాయములో అప్పులవాడు ఇద్దరు కొడుకులను పట్టుకొనిపోవడానికి వచ్చిన విధవరాలు ఒక ప్రవక్త శిష్యుని భార్య. అంటే సేవకుని ఇల్లు. ఎలీషా ఆమెను అడిగినది, నీ ఇంట్లో ఏమున్నది అని. ఉన్నది కొంచెము నూనె. పాత్రలకోసము ఆమె ఇరుగుపొరుగు అందరి గడపలు ఎక్కవలసి వచ్చినది, కనుక ఊరంతటికి తెలిసిపోయి ఉంటుంది. తరువాత నూనె అమ్మి ముందు అప్పు తీర్చమన్నాడు, మిగిలినదానితో బ్రతకమన్నాడు. ఆ పాత్రలు కూడా ఎరువు తెచ్చినవే సుమా! నూనె అమ్మకమైన తరువాత తోమి ఎవరివి వారికి ఇచ్చి ఉంటుందని నేననుకుంటాను. గ్రంథము ఆ సంగతి చెప్పలేదు. దేవుని చిత్తమైతే వచ్చే వారము ఆమె ఇంటి తలుపు దగ్గరే మొదలుపెడదాము.