జీవజాతులు ఎందుకు అంతరిస్తాయి: బట్టమేక, కలివికోడి

ఒక జీవజాతిలోని ఆఖరి ప్రాణి కూడా చనిపోయిందనడంలో సహేతుకమైన సందేహం మిగలనప్పుడు ఆ జాతి అంతరించినట్టు అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) పరిగణిస్తుంది. ఈ నిర్వచనం ఆఖరి ప్రాణిని చూస్తుంది గాని, జాతి భవిష్యత్తు తేలిపోయేది అంతకు చాలా ముందే. గుడ్లు పెట్టే చోటు పోయినప్పుడో, ఏటా పుట్టేవాటికన్నా చచ్చేవి ఎక్కువైనప్పుడో, ఒక గుంపుకూ మరో గుంపుకూ రాకపోకలు తెగిపోయినప్పుడో ఆ సంగతి తేలిపోతుంది. ఆ తర్వాత కూడా కొన్ని ప్రాణులు దశాబ్దాలపాటు బతికే ఉండవచ్చు. వాటిని చూసి జాతి నిలదొక్కుకుందని అనుకోవడం తరచుగా జరిగే పొరపాటు.

అంతరించడం ప్రకృతికి కొత్త కాదు. భూమ్మీద పుట్టిన జాతుల్లో అత్యధికం ఎప్పుడో నశించాయి. 6.6 కోట్ల ఏళ్ల కిందట డైనోసార్లను తుడిచిపెట్టిన ఉత్పాతంతో కలిపి ఐదు మహా విలయాల జాడలు శిలాజాల్లో కనిపిస్తాయి. ఇప్పటి నష్టం వాటికి భిన్నమైనది కారణంలో. మామూలు కాలాలకు భిన్నమైనది వేగంలో. జీవవైవిధ్యంపై ప్రపంచ ప్రభుత్వాల ఉమ్మడి శాస్త్ర వేదిక ఐపీబీఈఎస్ 2019లో ఇచ్చిన నివేదిక ప్రకారం దాదాపు 10 లక్షల జాతులకు ముప్పు ఉంది. జాతులు అంతరించే వేగం గత కోటి ఏళ్ల సగటుకన్నా కనీసం పదుల నుంచి వందల రెట్లు పెరిగింది.

అదే నివేదిక ఐదు ప్రధాన కారణాలను ప్రభావాన్నిబట్టి వరసపెట్టింది. మొదటిది నేల, సముద్రాల వాడకం మారిపోవడం. రెండోది వేట, చేపలు పట్టడం, కలప నరకడం వంటి ప్రత్యక్ష వాడకం. ఆ తర్వాత వాతావరణ మార్పు, కాలుష్యం, పరాయి జాతుల చొరబాటు వస్తాయి. ఇది ప్రపంచ సగటు మాత్రమే. చోటునుబట్టి వరస తారుమారవుతుంది. దీవుల్లో పరాయి జాతులదే పైచేయి. మారిషస్‌లో డోడో పక్షి 17వ శతాబ్దంలో అంతరించడానికి వేట ఎంత కారణమో, ఓడలతోపాటు దిగిన పందులు, ఎలుకలు, కోతులు అంత కారణం. భారతదేశపు చీతాను ప్రధానంగా వేట బలితీసుకుంది. ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని కొరియా సంస్థానంలో 1947లో మూడు చీతాలను కాల్చిచంపారు. 1952లో అది దేశంలో అంతరించినట్టు ప్రకటించారు. రాబందుల సంగతి వేరు. అప్పట్లో పశువులకిచ్చిన డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు కళేబరాల ద్వారా వాటి మూత్రపిండాలను దెబ్బతీసింది. 1990లలో మొదలై పదిహేనేళ్లలో మన తెల్లవీపు రాబందుల సంఖ్య 99 శాతానికి పైగా పడిపోయింది.

తుపాకి, విషం కంటికి కనిపించే కారణాలు. మొదటి స్థానంలో ఉన్న నేల వాడకం మాత్రం అంత సులువుగా కనపడదు. దట్టమైన అడవిని కొట్టేస్తే ఎవరికైనా తెలుస్తుంది. మేత బీడు చేనుగా మారితే అది అభివృద్ధి కింద జమ అవుతుంది. రాయలసీమలోని రెండు పక్షుల చరిత్ర ఈ తేడాను చక్కగా చూపిస్తుంది.

రోళ్లపాడు బట్టమేక

బట్టమేక పిట్ట ఎగరగల పక్షుల్లో అత్యంత బరువైనవాటిలో ఒకటి. మగపక్షి మీటరు ఎత్తు, 15 కిలోల వరకు బరువు ఉంటుంది. చెట్లమీద వాలదు. పొట్టి గడ్డి మైదానాల్లో, మెట్ట చేలల్లో తిరుగుతూ మిడతలు, పురుగులు, బల్లులు, గింజలు, పళ్లు తింటుంది. సాధారణంగా ఏడాదికి ఒక్క గుడ్డే, అదీ నేలమీదే పెడుతుంది. ఒకప్పుడు పంజాబ్ నుంచి తమిళనాడు దాకా ఉన్న ఈ పక్షి 1969 నాటి అంచనా ప్రకారం సుమారు 1,260 ఉండేది. ఇప్పుడు 150కి లోపే మిగిలిందని అంచనా. వాటిలో ఎక్కువ భాగం రాజస్థాన్‌లోని జైసల్మేర్ ప్రాంతంలోనివే.

అప్పటి కర్నూలు జిల్లా, ఇప్పటి నంద్యాల జిల్లాలోని రోళ్లపాడులో దీనికోసం 1988లో అభయారణ్యం ఏర్పాటైంది. దాని విస్తీర్ణం 614 హెక్టార్లు. బట్టమేక వంటి పక్షికి అది తిరిగే చోటులో ఒక మూల మాత్రమే. కంచెలోపలి గడ్డి గుడ్లు పెట్టడానికి సరిపోయినా, తిండికోసం అది చుట్టుపక్కల జొన్న, కొర్ర, వేరుశనగ చేలమీద ఆధారపడింది. అభయారణ్యం బయట కాలువల నీళ్లు పారాయి, పైర్లు మారాయి, పత్తి వచ్చింది, పురుగుమందులు పెరిగాయి. కంచెలోపల గడ్డి ఉన్నా బట్టమేక తగ్గుతూ వచ్చి, ఇప్పుడు అక్కడ దాదాపు కనిపించకుండా పోయింది. రైతు చేసిందాంట్లో తప్పు పట్టడానికేమీ లేదు. నీళ్లొచ్చిన నేలలో జొన్నే వేయాలని ఎవరూ అడగలేరు. చిన్న అభయారణ్యాన్ని గీసి, దాని చుట్టూ ఉన్న సాగును లెక్కలోకి తీసుకోకపోవడమే ఇక్కడి లోపం.

రాజస్థాన్‌లో మిగిలిన బట్టమేకలకు కొత్త ముప్పు హైటెన్షన్ విద్యుత్ తీగలు. ఈ పక్షి కళ్లు తలకు పక్కల ఉంటాయి, ఎదుటి చూపు తక్కువ. బరువైన దేహం కావడంతో తీగ దగ్గరికొచ్చాక పక్కకు తిరగలేదు. సౌర, పవన విద్యుత్తుకోసం తీగలు పెరిగిన కొద్దీ ఢీకొని చనిపోవడం పెరిగింది. వాతావరణాన్ని కాపాడే ప్రయత్నమే ఒక జాతికి ప్రాణాంతకమైన అరుదైన చిక్కు ఇది. తీగలను భూమిలోంచి వేయాలని 2021 ఏప్రిల్‌లో ఆదేశించిన సుప్రీంకోర్టు, 2024 మార్చిలో ఆ ఆదేశాన్ని సడలించి నిపుణుల సంఘాన్ని నియమించింది.

కలివికోడి

కలివికోడి కథ ఇంకా విచిత్రమైనది. పొడవు 27 సెంటీమీటర్లు, రొమ్మున రెండు గోధుమరంగు పట్టీలు, కంటిపైన వెడల్పాటి లేత చార. పగలంతా ముళ్లపొదల కింద ఉండి, రాత్రిపూట పొదల మధ్య ఖాళీ జాగాల్లో పరుగులు తీస్తూ చెదలు, చీమలు ఏరుకు తింటుంది. ఈస్టిండియా కంపెనీ సైన్యంలో వైద్యుడైన థామస్ జెర్డన్ సేకరించిన ఈ పక్షిని 1848లో ఎడ్వర్డ్ బ్లిత్ శాస్త్రీయంగా వర్ణించాడు. ఇంగ్లీషులో దానికి జెర్డన్ పేరే ఉంది. పెన్నా లోయలో కడప, నెల్లూరు ప్రాంతాల్లోనూ, గోదావరి లోయలో భద్రాచలం, సిరొంచ వైపూ కనిపించినట్టు 19వ శతాబ్దపు నమోదులున్నాయి. 1900లో అనంతపురం దగ్గర కనిపించిన తర్వాత దాని ఆచూకీ దొరకలేదు. 1970లలో జరిపిన గాలింపులూ ఫలించలేదు. పుస్తకాలు దాన్ని అంతరించిన పక్షిగానే భావించాయి.

1986 జనవరిలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర దాన్ని తిరిగి కనుగొన్నాడు. ఇందులో శాస్త్రవేత్తలకన్నా ముందు చెప్పుకోవలసినవాళ్లు ఆ ఊళ్ల వేటగాళ్లు. భూషణ్ బొమ్మ చూపించి అడిగితే వాళ్లు గుర్తుపట్టారు, పేరూ చెప్పారు. పక్షి బొత్తిగా కనపడకపోవడానికి కారణం అది లేకపోవడం కాదు. వెతికినవాళ్లు పగటిపూట వెతకడం, స్థానికులను సరిగా అడగకపోవడం.

పక్షి మళ్లీ దొరికిన ఫలితంగా 1988లో సుమారు 464 చదరపు కిలోమీటర్లలో శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం వెలిసింది. కానీ కలివికోడికి కావలసింది లంకమల కొండమీది దట్టమైన అడవి కాదు, కొండపాదంలోని చిట్టడవి. ఆ భాగం చాలావరకు అభయారణ్యం అంచున, ఊళ్లకు ఆనుకుని ఉంది. 2000ల తొలి ఏళ్లలో పి. జగనాథన్ బృందం నేలమీద మెత్తటి మట్టి పట్టీలు పరిచి అడుగుజాడలు చూసింది, కెమెరాలు అమర్చింది, పొద్దుగుంకాక రికార్డు చేసిన కూత వినిపించి జవాబుకోసం కాచుకుంది. హెక్టారుకు 300 నుంచి 700 వరకు పెద్ద పొదలున్న చోటే ఈ పక్షి ఎక్కువగా తిరుగుతుందని తేలింది. పొదలు అంతకన్నా పలచబడినా పనికిరాదు, చిక్కబడినా పనికిరాదు. వంటచెరకుకోసం కొట్టేయడం, మేకలు, గొర్రెల మేత పొదలను పలచబరుస్తాయి. మేత పూర్తిగా ఆగిపోతే పొదలు కమ్ముకుని పరుగు తీయడానికి జాగా ఉండదు. అంటే పక్షి మనుగడ అడవిని ముట్టుకోకుండా ఉంచడంలో కన్నా, ఒక మోస్తరు వాడకాన్ని నిలకడగా ఉంచడంలో ఉంది.

చిట్టడవి అసలే తరిగిపోతోంది. కడప జిల్లాలో 1991–2000 మధ్యే ఇది పదో వంతుకు మించి తగ్గిందని ఉపగ్రహ చిత్రాలు చూపాయి. పోయినదాంట్లో ఎక్కువ భాగం సాగులోకి వెళ్లింది. కృష్ణా జలాలను రాయలసీమకూ, నెల్లూరుకూ, చెన్నైకీ చేర్చే తెలుగుగంగ కాలువ తవ్వకం 2005లో కలివికోడి తిరిగే చోటులోకే వచ్చింది. అప్పుడు పని ఆపించి, తర్వాత కాలువ దారి మళ్లించారు.

ఈ రెండు పక్షులూ ఇష్టపడే నేలకు రెవెన్యూ రికార్డుల్లో విలువ లేదు. బంజరు, పోరంబోకు, మేత బీడు అన్న ఖాతాల్లో పడ్డ భూమి ఎవరికైనా, దేనికైనా ఇవ్వదగ్గ ఖాళీ భూమి. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ సెంటర్ తోడ్పాటుతో కేంద్రం ప్రచురించే బంజరు భూముల అట్లాస్‌లో చిట్టడవి ఒక తరగతి. కలివికోడి ఇల్లు ఆ పుస్తకం దృష్టిలో బాగుచేయవలసిన నేల. పచ్చదనం పెంచాలన్న సదుద్దేశంతో గడ్డి మైదానాల్లో, తుప్పల్లో మొక్కలు నాటడం కూడా ఇక్కడి జాతులకు నష్టమే చేస్తుంది.

తక్కువ సంఖ్యలోని ప్రమాదం

ఆవాసం కుంచించుకుపోయాక మిగిలిన కొద్ది ప్రాణులకు ఇంకో రకం ముప్పు మొదలవుతుంది. కొద్దిమంది మధ్యే సంతానం కలగడంతో పుట్టుకతో వచ్చే లోపాలు పెరిగి, రోగాలను తట్టుకునే శక్తి తగ్గుతుంది. ఒక ఏడాది పిల్లల్లో మగవే ఎక్కువ పుట్టడం వెయ్యి పక్షుల గుంపులో పట్టించుకోవలసిన సంగతి కాదు, ఇరవై పక్షుల గుంపులో అదే వినాశం. తోడు దొరకడమే కష్టమవుతుంది. ఒక లోపం సంఖ్యను తగ్గిస్తుంది, తగ్గిన సంఖ్య లోపాన్ని పెంచుతుంది. గిల్పిన్, సూలే అనే శాస్త్రవేత్తలు 1986లో దీన్ని సుడిగుండంగా వర్ణించారు.

అమెరికా తూర్పు తీరంలోని హీత్ హెన్ ఇందుకు పాఠ్యపుస్తకాల ఉదాహరణ. ఇదీ పొదలూ గడ్డీ ఉన్న బయళ్ల పక్షే. వేట వల్ల 1870ల నాటికి మార్తాస్ వైన్‌యార్డ్ అనే ఒక్క దీవికే పరిమితమైంది. 1908లో అక్కడ రక్షిత ప్రాంతం ఏర్పాటు చేశాక సంఖ్య పెరిగి 1916 నాటికి సుమారు 2,000కు చేరింది. ఆ ఏడాది గుడ్లు పొదిగే కాలంలో కార్చిచ్చు రేగింది. తర్వాత చలికాలం బాధించింది, డేగలు దాడి చేశాయి, పెంపుడు కోళ్ల రోగం సోకింది, మిగిలినవాటిలో మగవే ఎక్కువయ్యాయి. చివరి పక్షి 1932లో కనిపించింది. కార్చిచ్చు, డేగ, రోగం దానికి ఎప్పుడూ ఉన్నవే. తీరమంతటా విస్తరించి ఉన్న రోజుల్లో ఒక చోట పోతే మరో చోట మిగిలేది. కలివికోడి ఇప్పుడున్న స్థితి ఇంతకన్నా మెరుగైనదేమీ కాదు. ఎదిగిన పక్షులు 50 నుంచి 249 లోపు ఉండవచ్చని ఐయూసీఎన్ అంచనా. 1986 తర్వాతి ఆధారాలు దాదాపు అన్నీ లంకమల చుట్టుపక్కలవే.

అంతరించిందని తేల్చడం

కనపడని జాతిని అంతరించిందని ప్రకటించడంలో రెండు వైపులా ప్రమాదం ఉంది. తొందరపడి ప్రకటిస్తే రక్షణా, నిధులూ ఆగిపోయి, మిగిలిన కొద్ది ప్రాణులూ నిజంగానే పోతాయి. పక్షి శాస్త్రవేత్త నైజెల్ కాలర్ 1998లో దీన్ని రోమియో పొరపాటు అన్నాడు. బతికున్న జూలియట్‌ను చనిపోయిందనుకుని రోమియో చేసినట్టు. ఆలస్యం చేస్తే ఉన్న కొద్దిపాటి నిధులూ, ఇక బతికిలేని జాతిమీద ఖర్చవుతాయి. కలివికోడి విషయంలో 86 ఏళ్ల మౌనం మొదటి ప్రమాదానికి ఉదాహరణ. ఆ మౌనకాలపు ఆనవాలు ఒకటి తర్వాత బయటపడింది. స్కాట్లండ్‌లోని ఆబర్డీన్ విశ్వవిద్యాలయ మ్యూజియంలో 1917లో కోలార్ బంగారు గనుల దగ్గర సేకరించిన గుడ్డొకటి ఉండేది. అది కలివికోడిదేనని డీఎన్‌ఏ పరీక్షతో 2013లో తేలింది. దాంతో ఈ పక్షి ఒకప్పుడు కర్ణాటకలోకీ విస్తరించి ఉండేదని తెలిసింది.

రక్షణ చర్యలు

బట్టమేకకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అత్యున్నత రక్షణ ఉంది. అడవిలో దొరికిన గుడ్లను పొదిగించి పిల్లలను పెంచే పని 2019లో జైసల్మేర్ జిల్లాలో మొదలైంది. ఆ పెంపక కేంద్రంలో పెరిగిన పక్షులు గుడ్లు పెట్టాయి, 2024లో కృత్రిమ గర్భధారణ ద్వారా పిల్ల పుట్టింది. వాటిని వదలడానికి తీగలు లేని, వీధికుక్కలు చొరబడని విశాలమైన గడ్డి నేల దొరకడమే తర్వాతి సమస్య.

కలివికోడికి ఆ దారి ప్రస్తుతానికి లేదు. పెంచడానికి చేతిలో ఒక్క పక్షీ లేదు. అందువల్ల దాని విషయంలో చేయగలిగింది నేలకు సంబంధించినదే: లంకమల అంచుల్లో మిగిలిన చిట్టడవి ఇతర అవసరాలకు మళ్లకుండా ఆపడం, పొదలు తగిన మోతాదులో ఉండేట్టు మేతనూ కట్టెకొట్టడాన్నీ ఊళ్లవాళ్లతో మాట్లాడి సర్దుకోవడం, పెన్నా, గోదావరి లోయల్లో దాని పాత చోట్లను రాత్రిపూట మళ్లీ వెతకడం.