యేటు వృక్షము – నామచరిత్రము

నీలగిరితైలమను పేర మన యిండ్లలోఁ బ్రసిద్ధమైన యౌషధము యూకలిప్టసు జాతి చెట్ల యాకులనుండి లభించును. ఆ జాతికిఁ బ్రధానమైన పుట్టినిల్లు ఆస్ట్రేలియా. అందు మిన్నుముట్టు మహావృక్షములే కాక, వానితోఁ బోల్చినఁ జిన్నవియగు చెట్లును బెక్కు గలవు. పశ్చిమాస్ట్రేలియా దక్షిణతీరప్రాంతమునఁ బెరుగు యేటు వృక్షము అట్టిది. ఒక్కొక్కచోట నది మొదటనే పలుకొమ్మలై పొదవలె నుండును. దాని చేవ మాత్రము మిక్కిలి కఠినము. ఈ చెట్టునకుఁ గల రెండు పేరులు రెండు విధములైన యెఱుకకు సాక్ష్యములు.

1788లోఁ గనఁబడకపోయిన లాపెరూజు నావలను వెదకుటకై 1791లో దాంత్రకాస్తో నాయకత్వమున ఫ్రాన్సునుండి రెండోడలు బయలుదేఱెను. 1792 డిసెంబరులో నవి యీ తీరమును జేరెను. అందలి వృక్షశాస్త్రజ్ఞుఁడగు లాబిల్లార్దియేరు ఇచటి మొక్కలను సేకరించెను. 1793లో నాయకుఁడు మరణించెను. జావాలో యాత్ర విచ్ఛిన్నమయ్యెను. మొక్కల సంచయము ఆంగ్లేయుల చేఁ జిక్కెను. నాఁడు ఫ్రాన్సునకును ఇంగ్లాండునకును యుద్ధము జరుగుచుండెను. అయినను ఆంగ్లపండితుఁడగు జోసెఫ్ బ్యాంక్సు పూనుకొని, దానిని 1796లో శత్రుదేశపు పండితునకే తిరిగి యిప్పించెను.

లాబిల్లార్దియేరు 1800లో వెలువరించిన యాత్రాగ్రంథమున నీ చెట్టును వర్ణించి, 'కార్నూటా' యని పేరిడెను. కొమ్ములు గలదని దాని యర్థము. మొగ్గమీఁది మూఁత కొమ్మువలె నిడుపై యుండుటయే యిందులకుఁ గారణము.

అయితే ఆ దేశపు ఆదివాసులగు నూంగార్లకు ఈ చెట్టు క్రొత్తది కాదు. 'యేటు' అనునది వారి మాట. 1829లో స్వాన్ నదీతీరమున ఆంగ్లేయుల వలస యేర్పడిన పిదప, బండ్ల నొగలకు దీనిని మించిన కఱ్ఱ లేదని వడ్రంగులు గ్రహించిరి. వారు వాడుకొన్నది లాటిను నామమును గాదు, నూంగార్ల మాటనే.

ఇరువదవ శతాబ్దమున గోదుమపంటకై యచటి యడవులను విస్తారముగా నఱకిరి. లోతుగా వ్రేళ్లూనిన చెట్లు పోఁగా భూగర్భజలము పైకుబికి, ఉప్పును వెంటఁ దెచ్చెను, పొలములు చౌడువాఱెను. అట్టి నేలలకుఁ దాళుకొను చెట్లలో నొకటి యేటునకు జ్ఞాతియే. దానిని 1837లో ఎండ్లిఖెరు వర్ణించెను. నఱకిన చేతులే నేఁడు దానిని నాటుచున్నవి.

ఇంతకుఁ దేలునదేమన, పండితుఁడు మొగ్గను జూచి పేరిడెను. వడ్రంగి చేవ నెఱిఁగియు, ఆదివాసి యిడిన పేరునే నిలిపెను. శాస్త్రమునకు మొదటిది చాలును. చరిత్రకు రెండును గావలయును.