పాదాల దగ్గర మొదలైన వైద్యం

నర్సింగ్ విద్యార్థిని ఆసుపత్రి వార్డులో శిక్షణకు చేరినప్పుడు రోగి మంచం మీద ఉంటాడు, కేస్ షీటు చేతికి అందుతుంది, చేయవలసిన పని అందులో రాసి ఉంటుంది. నిరాశ్రయుల వసతి గృహంలో ఇవేవీ ఉండవు. రోగి తన రోగం గురించి మాట్లాడడానికే ఇష్టపడకపోవచ్చు. అందుకే అమెరికాలోని అనేక వసతి గృహాలలో శిక్షణకు వచ్చిన విద్యార్థులకు అప్పగించే పనులలో పాద సంరక్షణ ఒకటి. ఒక తొట్టెలో గోరువెచ్చని నీరు, ఒక తువ్వాలు, కూర్చోవడానికి ఒక పీట. ఇది చిన్న పని అని భావించేవారు బోస్టన్ నగరపు చరిత్ర ఒకటి తెలుసుకోవలసి ఉంది.

బోస్టన్‌లో పైన్ స్ట్రీట్ ఇన్ అనే వసతి గృహం 1969లో ప్రారంభమైంది. అక్కడ తలదాచుకునేవారు చిన్న గాయానికీ పెద్ద జబ్బుకూ నగర ఆసుపత్రి అత్యవసర విభాగానికే వెళ్లవలసి వచ్చేది. గంటల తరబడి నిరీక్షణ, ఆపై చీదరింపు. ఇది కళ్లారా చూసిన బోస్టన్ సిటీ ఆసుపత్రి నర్సులు కొందరు 1972లో స్వచ్ఛందంగా ఆ వసతి గృహంలోనే ఒక క్లినిక్ నెలకొల్పారు. దానిని నడిపినవారు నర్సులే. వారిలో బార్బరా మెక్‌ఇన్నిస్ అనే నర్సు పేరు తరువాతి కాలంలో చిరస్మరణీయమైంది.

1980ల నడుమ నగరంలో నిరాశ్రయుల సంఖ్య పెరిగింది. వసతి గృహాలలో మందులకు లొంగని క్షయ కూడా వ్యాపించింది. 1985లో రెండు దాతృత్వ సంస్థల ఆర్థిక సహాయంతో అమెరికాలోని 19 నగరాలలో నిరాశ్రయులకు వైద్యమందించే పథకాలు మొదలయ్యాయి. బోస్టన్ పథకానికి తొలి వైద్యుడిగా వచ్చినవారు జిమ్ ఓకానెల్. హార్వర్డ్‌లో వైద్యం చదివి, మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో శిక్షణ పూర్తి చేసిన యువకుడు. క్యాన్సర్ వైద్యంలో ఉన్నత శిక్షణకు వెళ్లే ముందు ఒక్క సంవత్సరం ఇక్కడ పనిచేయాలన్నది ఆయన ఉద్దేశం.

పైన్ స్ట్రీట్ నర్సులు ఆయనకు ఘన స్వాగతమేమీ పలకలేదు. నేర్చుకున్న పద్ధతి ఇక్కడ పనికిరాదని, స్టెతస్కోపు పక్కన పెట్టి రోగుల పాదాలు కడగమని చెప్పారు. దాదాపు రెండు నెలలు ఆయన చేసిన పని అదే. పట్టభద్రుడైన వైద్యుడు నర్సుల వద్ద విద్యార్థి అయ్యాడు.

ఇందులో వైద్యపరమైన అర్థం స్పష్టంగా ఉంది. రాత్రంతా కుర్చీలోనో గోడకు ఆనుకునో కూర్చుని నిద్రించేవారికి కాళ్లలో నీరు చేరుతుంది. తడిసిన బూట్లు రోజుల తరబడి విప్పకపోతే చర్మం నాని, చితికి, సూక్ష్మజీవులకు దారి ఇస్తుంది. శీతల దేశాలలో మంచు కాటుకు వేళ్లు నల్లబడతాయి. మధుమేహం ఉన్నవారికి స్పర్శ తెలియక పుండు పడినా నొప్పి ఉండదు. బూటు విప్పితే తప్ప ఇవేవీ బయటపడవు.

అంతకు మించినది మరొకటి ఉంది. పాదాలు కడిగేవాడు రోగి కంటే దిగువన కూర్చోవాలి. నీరు చల్లారే వరకు తొందరపడడానికి వీలు లేదు. మాట్లాడాలో వద్దో నిర్ణయించేది రోగి. ఆసుపత్రిలో చికిత్స నిరాకరించేవాడిగా పేరుపడిన ఒక వృద్ధుడు ఆ క్లినిక్‌కు వస్తుండేవాడని ఓకానెల్ తరువాత పలుమార్లు చెప్పారు. వారాల తరబడి పాదాలు కడిగిన మీదట ఒకనాడు ఆయనే నోరు విప్పి, వైద్యుడివై ఉండి ఈ పని ఎందుకు చేస్తున్నావని అడిగాడట. ఆపై కొద్ది రోజులకు నిద్ర పట్టడం లేదు, మందు ఇవ్వమన్నాడు. ఆసుపత్రి సాధించలేనిది ఒక నీళ్ల తొట్టె సాధించింది.

ఓకానెల్ అనుకున్న ఒక్క సంవత్సరం దశాబ్దాలుగా మారింది. ఆసుపత్రి నుంచి పంపించివేసినా, కోలుకోవడానికి ఇల్లు లేనివారి కోసం ఆ పథకం పడకలు ఏర్పాటు చేసింది. ఆ విశ్రాంతి కేంద్రానికి 1993లో బార్బరా మెక్‌ఇన్నిస్ పేరు పెట్టారు.

అయినా విజయగాథగా దీనిని ముగించలేము. ఆ పథకం వద్ద వైద్యం పొందిన 17 వేల మందికి పైగా వయోజనుల వివరాలతో 1997లో ఒక అధ్యయనం వెలువడింది. మరణించినవారి సగటు వయస్సు 47 సంవత్సరాలు. వైద్యం ఎంత దగ్గరకు వచ్చినా, ఇల్లు లేని లోటును అది పూరించలేదు. పాదాలకు మందు రాసి పంపిన మనిషి మళ్లీ అదే తడి నేల మీద నడవవలసిందే.

మన దేశంలోనూ బి.ఎస్‌సి. నర్సింగ్ విద్యలో సమాజ ఆరోగ్య శిక్షణ ఒక భాగం. జాతీయ పట్టణ జీవనోపాధి పథకం ప్రతి లక్ష పట్టణ జనాభాకు వంద మందికి సరిపడే ఒక శాశ్వత వసతి గృహం ఉండాలని నిర్దేశించింది. మన విద్యార్థులకు పాఠశాల కాగలిగిన చోట్లు ఇవి. మధుమేహంతో, వానకు నానిన చెప్పులతో వచ్చేవారు ఇక్కడా ఉన్నారు. ఒక్క జాగ్రత్త: మధుమేహ రోగుల పాదాలను వేడి నీటిలో ఉంచరాదు, ఎక్కువసేపు నాననీయరాదు. నీటి వేడిని ముందుగా మన మోచేతితో చూడాలి. కడిగిన తరువాత వేళ్ల సందులు పొడిగా తుడవాలి.

తొలిరోజు అలాంటి చోటికి వెళ్లే విద్యార్థిని, నాకు ఇక్కడ నేర్పేవారెవరు అని సందేహించవచ్చు. బోస్టన్ చరిత్ర ఇచ్చే సమాధానం ఒకటే: పీట మీద కూర్చోండి, ఎదుట కూర్చున్న మనిషే నేర్పుతాడు.