అటక మీది కందీలు

సోలాపూర్ పేటల్లో మన పాత మగ్గాల ఇండ్లు ఖాళీ చేస్తుంటే అటకల మీద కందీళ్లు, గాజు చిమ్నీలు బయటపడుతున్నాయి. ఎక్కడివో తెలియక తూకానికి అమ్మేస్తున్నాం. అమ్మే ముందు తుడిచి, వెలుగులో తిప్పి చూద్దాం.

మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు మన దేశానికి గాజు సామాను ఎక్కువగా ఆస్ట్రియా, జర్మనీ, బెల్జియంల నుంచి వచ్చేది. యుద్ధంతో ఆ రాక తెగింది. 1916లో సాతారా జిల్లా కరాడ్ దగ్గర ఓగలే సోదరులు గాజు కార్ఖానా పెట్టారు. ఆ చోటే ఓగలేవాడి అయింది. వాళ్ల కందీలు పేరు 'ప్రభాకర్'. రేకు మీద ఆ పేరుంటే అది 1916 తర్వాతి స్వదేశీ సరుకు.

గాజును విడిగా చూడాలి. చిమ్నీ పగిలితే కొత్తది వేసేవాళ్లం కదా, కందీలు వయసు, గాజు వయసు ఒకటి కాకపోవచ్చు. నిలువు గీత కనిపిస్తే అచ్చులో చేసినది. బుడగలు ఉన్నంత మాత్రాన పాతదని నమ్మొద్దు.

తెలంగాణ నుంచి మన పెద్దలు ఎప్పుడొచ్చారో చాలా ఇండ్లలో కాగితం లేదు. ఇలాంటి వస్తువులే సాక్ష్యం. ఎవరు కొన్నారో, ఏ మగ్గం దగ్గర వేలాడిందో ఇంట్లో పెద్దవాళ్లను అడిగి, చీటీ రాసి దానికే కడదాం.